తిల్డా అడిగిన చిన్న కంప్యూటర్

ఆదివారం ఉదయం ఎనిమిదైనా స్వీడన్‌లోని సుండ్స్‌వాల్‌లో ఇంకా పూర్తిగా తెల్లవారలేదు. నవంబరు నెలలో అక్కడ సూర్యుడికి కూడా పనిలోకి రావాలంటే బద్ధకమే. మారిట్ మాత్రం అయిదింటికే లేచి కూర్చుంది. ఆసుపత్రి లాండ్రీలో పదకొండేళ్లుగా పొద్దుటి షిఫ్టు చేస్తున్న ఒళ్లు అది. ఇవాళ ఆదివారమే బాబూ అని ఎంత నచ్చజెప్పినా వినదు. భుజాలు నొప్పి, నడుం నొప్పి, వాటి మీద నిద్ర చాలని కళ్లు. అయినా రెండోసారి కాఫీ పెట్టుకుంది. ఎందుకంటే ఇవాళ తిల్డా వస్తుంది.

తిల్డా ఆమె ఒక్కగానొక్క కూతురు. మొన్న గురువారమే పదిహేనేళ్లు నిండాయి. ఆ గురువారం వాళ్ల నాన్న వారంలో పడింది కాబట్టి కేకు అక్కడే కోశారు. ఒక వారం నాన్న దగ్గర, ఒక వారం అమ్మ దగ్గర, ఆదివారం ఆదివారం మార్పు. నాలుగేళ్లుగా ఇదే పద్ధతి. తిల్డా క్లాసులో సగం మంది పిల్లలు ఇలాగే సంచీ భుజాన వేసుకుని తిరుగుతుంటారు కనుక దాన్ని ఎవరూ వింతగా చూడరు.

మారిట్, హోకన్ విడిపోయినప్పుడు పెద్ద గొడవేమీ జరగలేదు. ఇద్దరం కలిసి ఉండలేం అన్నది వాళ్లిద్దరూ చాలా ఏళ్ల తర్వాత ఏకాభిప్రాయానికి వచ్చిన ఒకే ఒక్క విషయం. ఆ తర్వాత అన్నీ సమానంగా పంచుకున్నారు. చలికాలం బూట్లు ఆమె కొంటే వానకోటు ఆయన కొంటాడు. సైకిలు ఆయనదైతే దాని తాళం ఆమెది. ఫోన్లలో ఇద్దరికీ కలిపి ఒక క్యాలెండర్ ఉంది. అందులో 'పళ్ల డాక్టరు, మంగళవారం, రెండింటికి' అని రాసుకుంటారు. అంతకుమించి మాటల్లేవు. మిగతావన్నీ తిల్డా నోటి మీదుగా నడుస్తాయి. అమ్మతో చెప్పు, నాన్ననడుగు, అమ్మ ఏమంది, నాన్న ఏమన్నాడు. పోస్టు మనిషికైనా జీతం ఉంటుంది, ఆ పిల్లకి అదీ లేదు.

ఇప్పుడు మారిట్ ముందు బల్ల మీద అరచేయంత పెట్టె ఒకటి, దానికి ఎర్ర రిబ్బను. అందులో కంప్యూటర్ ప్రాసెసర్ ఉంది. అది కంప్యూటర్‌కి మెదడులాంటిదని ఆమెకి తెలుసు. అంతకుమించి తెలియదు.

సెప్టెంబరులో ఒక సాయంత్రం తిల్డా ఇదే బల్ల మీద ఒక కాగితం పెట్టింది. ఆటలాడుకునే కంప్యూటర్‌ని తనే విడిభాగాలు తెచ్చి బిగించుకుంటుందట. దాని కోసం వేసవంతా పక్కింటివాళ్ల పిల్లల్ని ఆడించి, వాటిని అమర్చే చిన్న డబ్బా ఒకటి ముందే కొనుక్కుంది. మోసుకెళ్లడానికి దాని పైన పిడి కూడా ఉంది.

"ఇది నీ వాటా అమ్మా. ప్రాసెసర్, మెమొరీ, పవర్ సప్లై. నాన్నకి ఇంకో కాగితం ఇచ్చా. మదర్‌బోర్డు, అంటే వీటన్నిటినీ బిగించే పలక, అదీ డిస్కూ ఆయనవి. గ్రాఫిక్స్ కార్డు నా ఫ్రెండ్ లోవీస వాళ్ల పాతది ఇస్తానంది, కానీ వేసవి దాకా ఆగాలి."

మారిట్ కళ్లజోడు పెట్టుకుని తిల్డా ఫోన్‌లో ధరలు చూసింది. "ఈ చిన్న బోర్డుకి ఇంత ధరేంటే? పక్కనున్న పెద్దది దీనికి సగం లేదు. బట్టల కొట్లో పెద్ద సైజుకే ఎక్కువ తీసుకుంటారు, ఇక్కడేంటి తిరగబడింది?"

"చిన్నవాటికి అంతేనమ్మా. అందుకే ప్రాసెసర్ చవకది చూశా. మూడు వారాలు చదివి మరీ ఎంచా. మార్చకు."

"పెద్దది కొనుక్కోవచ్చుగా మరి?"

"వద్దు. బస్సులో ఒళ్లో పెట్టుకునేంత ఉండాలి."

ఆ ఒక్క మాటకి మారిట్ గుండెల మీంచి బండ దిగినట్టయింది. ఎందుకంటే లాండ్రీలో ఆమెతో పాటు దుప్పట్లు మడిచే బార్బ్రో అంతకు వారం ముందే ఓ మాట అంది. "పదిహేనేళ్లు రానీ, అప్పుడు చూడు. వాళ్లకి కంప్యూటర్ ఎక్కడుంటే అదే ఇల్లు. మావాడు అలాగే వాళ్ల నాన్న దగ్గర ఉండిపోయాడు. ఇప్పుడు క్రిస్మస్‌కి చుట్టంలా వచ్చి పోతాడు." ఆ మాట మారిట్‌ని అప్పటినుంచీ వదల్లేదు. హోకన్ ఇల్లు పెద్దది. తిల్డా బడి అక్కడికి అయిదు నిమిషాల నడక, స్నేహితులంతా ఆ వీధుల్లోనే. తన దగ్గర ఉన్నదల్లా మూడో అంతస్తులో రెండు గదులు, ఒక సన్న మంచం, తను. వచ్చే వారం తిల్డా వస్తుందంటేనే ఆమెకి మధ్యలో వారం గడుస్తుంది. ఆ పిల్ల ఇక రానంటే ఏం చేయాలో మారిట్‌కి తెలియదు. ఆలోచించడానికే భయం.

అందుకే గత శనివారం కొట్టులో ఆమె ఒక పని చేసింది. మెమొరీ, పవర్ సప్లై తీసుకున్నాక, కాగితంలో రాసిన ప్రాసెసర్ అడిగితే కొట్లో అమ్మాయి తీసిచ్చింది. ఇస్తూ, దీనికి గ్రాఫిక్స్ కార్డు లేకపోతే తెర మీద బొమ్మ రాదండీ అని చెప్పింది. పక్కనున్నది అయితే కార్డు లేకపోయినా బొమ్మ వస్తుంది, పైగా ఈ వారం ధర తగ్గింది. మారిట్ మనసు వెంటనే దాని మీదికే పోయింది. వేసవి దాకా ఎందుకు? తన వారంలో, తన ఇంట్లో, వచ్చిన రోజే కంప్యూటర్ వెలిగితే ఎంత బాగుంటుంది.

"మదర్‌బోర్డు ఏదండీ?" అని అడిగింది ఆ అమ్మాయి.

"అది వాళ్ల నాన్న కొంటున్నాడు."

"అయితే ఒకసారి ఆయన్ని అడిగి కొనండి. అన్నిటికీ అన్నీ సరిపోవు."

అడుగుతానని తలూపి మారిట్ డబ్బు కట్టేసింది. హోకన్‌కి ఫోన్ చేయడంకన్నా తడి దుప్పట్ల మూట ఎత్తడం ఆమెకి తేలిక.

పదకొండింటికి తలుపు తెరుచుకుంది. తిల్డా వీపున బడి సంచీ, భుజాన బట్టల సంచీ, చేతుల్లో రంగు కాగితం చుట్టిన పెట్టె. బూట్లు విప్పుకోవడానికి కూడా చేయి ఖాళీ లేక మడమతో మడమని తొక్కి లాగేసింది. కళ్ల కింద నల్లగా ఉంది.

"తిన్నావా?"

"తిన్నా. మళ్లీ తింటా."

మారిట్ దాల్చినచెక్క బన్నులు వేడిచేసి పెట్టింది. తిల్డా రెండు తిని, మూడోది సగం తిని, చేతులు తుడుచుకుంది. నాన్న పెట్టెని గురువారం విప్పకుండా ఆపుకుంది ఆ పిల్ల. రెండూ ఒకే రోజు, ఒకే బల్ల మీద విప్పుతానని పట్టుబట్టింది. ఆ పట్టుదల వెనక ఏముందో అప్పుడు మారిట్‌కి తట్టలేదు.

"ముందు నీది," అని ఎర్ర రిబ్బను లాగింది. పెట్టె మీద పేరు చదివింది. నవ్వబోయిన ముఖం అక్కడే ఆగిపోయింది.

"అమ్మా, నేను రాసింది ఇది కాదు."

"దానికన్నా మంచిదే. ఇది అయితే లోవీస కార్డు వచ్చేదాకా ఆగక్కర్లేదంట. ఇవాళే ఆడుకోవచ్చు."

తిల్డా ప్రాసెసర్‌ని అంచులు పట్టుకుని తిప్పి చూసింది. కింద వందల కొద్దీ సన్నటి బంగారు రంగు సూదులు. దాన్ని మెల్లగా పక్కన పెట్టి నాన్న పెట్టె విప్పింది. లోపలినుంచి బయటికి వచ్చిన మదర్‌బోర్డు బల్లలో మూడోవంతు ఆక్రమించింది.

"ఇంత పెద్దదా?" అంది మారిట్.

తిల్డా లోపలి గదిలోంచి తన పిడి డబ్బా తెచ్చి పక్కన పెట్టింది. కొలబద్ద అక్కర్లేదు. పిల్లి తొట్టిలో ఏనుగుని పడుకోబెట్టినట్టు ఉంది. డబ్బాలో పట్టేది పదిహేడు సెంటీమీటర్ల బోర్డు, వచ్చింది దానికి రెట్టింపు. తర్వాత ఆ పిల్ల బోర్డు నడిమధ్యనున్న మూత తీసింది. ప్రాసెసర్ కూర్చోవాల్సిన చోట అది. అక్కడ కూడా సన్నటి సూదులే, బారులు బారులుగా.

"ఏమైందే?"

"దీనికీ సూదులే, దానికీ సూదులే. దూరడానికి కన్నాలు ఎవరి దగ్గరా లేవు." తిల్డా కుర్చీలో వెనక్కి వాలి కళ్లు మూసుకుంది. "నేను రాసిన ప్రాసెసర్‌ అయితే నాన్న బోర్డులో కూర్చునేది. నేను రాసిన బోర్డు అయితే డబ్బాలో కూర్చునేది. నువ్వొకటి మార్చావు, ఆయనొకటి మార్చాడు."

తిలా పాపం తలా పిడికెడు అన్నట్టుంది వ్యవహారం. కానీ తన పిడికెడు చూసుకునే ఓపిక మారిట్‌కి లేదు. ఎదుటివాడి పిడికెడే కనిపించింది.

"ఆయనంతే. తను పట్టిన కుందేటికి మూడే కాళ్లు. కాగితం మీద అంత వివరంగా రాసిస్తే ఈ పరుపంత పలక తెస్తాడా? నువ్వు ఫోన్ చేసి చెప్పు, వాపసు ఇచ్చెయ్యమని."

"నేను చెప్పను."

"ఏం?"

"నాలుగేళ్లుగా నేనే చెప్తున్నా. ఈసారి నువ్వే చెప్పమ్మా." కోపం కూడా లేని గొంతుతో అంది. కోప్పడి ఉంటే మారిట్‌కి కాస్త తేలిగ్గా ఉండేది.

ఫోన్ తీసి ఆ పేరు వెతకడానికి ఆమెకి కాసేపు పట్టింది.

"హోకన్, నేను."

ఆమె గొంతు వినగానే హోకన్ కంగారుపడ్డాడు. "తిల్డాకి ఏమైంది?"

"దానికేం కాలేదు. నువ్వు కొన్న బోర్డుకే అయింది."

"బోర్డుకేం? బంగారంలాంటి బోర్డు."

"ఆ బంగారం పిల్ల డబ్బాలో పట్టట్లేదు. నేను కొన్నది ఆ బంగారంలో పట్టట్లేదు. వచ్చి చూడు."

"రమ్మంటున్నావా? పైకా?"

"పైకే. మెట్లున్నాయి."

ఇరవై నిమిషాల్లో హోకన్ వచ్చాడు. నాలుగేళ్లలో ఆయన ఆ మెట్లెక్కడం ఇదే మొదలు. ఎప్పుడైనా తిల్డాని దింపాల్సి వస్తే కింద కారులోనే కూర్చుని ఉండేవాడు. గుమ్మం దగ్గర బూట్లు విప్పితే ఎడమ మేజోడులోంచి బొటనవేలు బయటికి చూస్తోంది. దాన్ని కుడిపాదంతో కప్పుకుంటూ లోపలికి వచ్చాడు. తలుపు పక్కన పిల్ల కోటు కాక ఒక్కటే కోటు తగిలించి ఉండటం చూశాడు. చూసి చూడనట్టు బల్ల దగ్గరికి నడిచాడు.

"కాఫీ?" అంది మారిట్, అలవాటు కొద్దీ.

"ఇస్తే తాగుతా."

కాఫీ పోస్తూనే మొదలుపెట్టింది. "ఇరవై అయిదేళ్లుగా కరెంటు పని చేస్తున్నావు. ఏ వైరు ఏ కన్నంలోకి పోతుందో చూడకుండా ఇంత పలక ఎలా కొన్నావు?"

"చూసే కొన్నా. పిల్ల రాసిన రకమే ఇది, కాకపోతే పెద్ద సైజు. చిన్నదానికి రెట్టింపు ధర చెప్తున్నారు, ఇంకొన్నాళ్లయితే మెమొరీ పెంచుకోవడానికి కూడా చోటుండదు. ఇందులో అన్నిటికీ చోటుంది. తప్పు నీ ప్రాసెసర్‌ది. అది వేరే కంపెనీది, దీనికి పనికిరాదు. నన్నొక్క మాట అడగాల్సింది."

"నువ్వు నన్నడిగావా?"

"నువ్వు ఫోన్ ఎత్తుతావా?"

"నువ్వు చేస్తేగా ఎత్తడానికి."

తిల్డా ఇద్దరి మధ్యలో కూర్చుని బల్ల అంచుని గోటితో గీకుతోంది. అడకత్తెరలో పోకచెక్క సంగతి అందరికీ తెలుసు, పోకచెక్కకి నొప్పి పుడుతుందా అని మాత్రం ఎవరూ అడగరు.

"సరే, అయిందేదో అయింది," అన్నాడు హోకన్, ఉదారంగా. "ఈ అగ్గిపెట్టెని పక్కన పెట్టి పెద్ద డబ్బా ఒకటి తెస్తా. నీ ప్రాసెసర్ వాపసు ఇచ్చేసి, కాగితంలో ఉన్నది తీసుకో. మా ఇంట్లో తిల్డా బల్ల కింద బోలెడు చోటుంది. గోడలోంచి ఇంటర్నెట్ వైరు కూడా లాగేశా."

మారిట్ చేతిలోని కాఫీ పాత్ర బల్ల మీద గట్టిగానే ఆనింది. "మీ ఇంట్లోనా? అది మీ ఇంట్లో ఉంటుందని ఎవరన్నారు?"

"ఎవరైనా అనాలా? కంప్యూటర్ అన్నాక ఒకచోట ఉండాలిగా. బస్సుల్లో తిప్పితే ఎన్నాళ్లుంటుంది?"

"అదీ సంగతి. అందుకే పెద్దది కొన్నావు. బోర్డు తెచ్చింది కంప్యూటర్ కోసం కాదు, పిల్లని నీ ఇంట్లో కట్టేసుకోవడానికి."

"మరి నువ్వెందుకు మార్చావు? ఇవాళే వెలగాలని. ఇవాళ నీ వారం మొదలవుతుందని. నాకు తెలియదనుకున్నావా?"

"నా దగ్గర ఏముందని కట్టేసుకోవడానికి? బడి నీ వైపే, స్నేహితులు నీ వైపే..."

"అది నా తప్పా? ఊరికి ఈ చివర ఇల్లు తీసుకోమని నేను చెప్పానా?"

"నా జీతానికి ఈ చివరే దొరికింది."

ఆ తర్వాత మాటలు కంప్యూటర్‌ని వదిలేసి పాత దారి పట్టాయి. ఎప్పుడో వేసవి కుటీరం ఎవరు అమ్మేద్దామన్నారో, ఎవరి అమ్మ ఎవరిని ఏమందో అన్నీ బయటికి వచ్చాయి. ఇద్దరూ అలసిపోయినవాళ్లే కనుక గొంతులు లేవలేదు. నెమ్మదిగా, ఒకరి తర్వాత ఒకరు, ఎక్కడ గుచ్చితే నొప్పి పుడుతుందో తెలిసిన చోటే గుచ్చుకుంటూ పోయారు.

తిల్డా లేచింది. ప్రాసెసర్‌ని దాని పెట్టెలో పెట్టింది. బోర్డు మీద మూత మళ్లీ బిగించి, దాని సంచీలోకి తోసింది. ఆ చప్పుడుకి ఇద్దరూ ఆగారు.

"ఏం చేస్తున్నావే?" అంది మారిట్.

"రెండూ వాపసు ఇచ్చెయ్యండి. నాకు కంప్యూటర్ వద్దు."

"అదేం మాటమ్మా," అన్నాడు హోకన్. "చిన్నదే కావాలంటే చిన్న బోర్డే తెస్తాలే. నీకంత ఇష్టమని నాకేం తెలుసు?"

"ఇష్టమా?" తిల్డా ఆయన వైపు తిరిగింది. "నాన్నా, చిన్నది ఎవరికైనా ఇష్టంగా ఉంటుందా? నువ్వన్నది నిజమే. ధర ఎక్కువ. త్వరగా వేడెక్కిపోతుంది. ఫ్యాను హోరుమంటుంది. రేపు ఏమైనా కలుపుదామన్నా చోటుండదు. మూడు వారాలు చదివా కదా, నాకు తెలుసు. మనలా తక్కువ డబ్బుతో చేసేవాళ్లెవరూ చిన్నది కొనరు."

"మరి ఎందుకే?" అంది మారిట్.

"పెద్దదైతే ఏదో ఒక ఇంట్లో పెట్టాలిగా." ఆ పిల్ల బోర్డు సంచీని దూరంగా జరిపింది. "ఏ ఇంట్లో పెట్టుకుంటావని మీరు అడుగుతారు. మీరు అడక్కపోయినా, నేను ఏదో ఒకటి చెప్పాలి. నేను చెప్పలేను. అందుకని మోసుకెళ్లే సైజుది వెతికా. అది నాతో వస్తే ఎవరూ ఏమీ అడగరు. ఎవరికీ బాధ ఉండదు. మీకు చెరో కాగితం ఇచ్చి, రెండూ ఒకచోట బిగిస్తే, ఇద్దరూ కొన్నవి ఒకదాంట్లో ఉంటాయి అనుకున్నా. దానికి కూడా మీరు మాట్లాడుకోలేదు."

హోకన్ తన బొటనవేలి వైపు చూస్తూ ఉండిపోయాడు.

మారిట్ కూతురి ముఖం చూసింది. అప్పుడు చూసింది, నిజంగా. తన వారాల్లో ఆ పిల్ల అయిదున్నరకి లేవడం చూడనిది కాదు. రెండు బస్సులు మారి బడికి వెళ్లాలి. గిన్నెలో పెరుగు కలుపుకుంటూ ఎన్నిసార్లు బల్ల మీదే తల వాల్చి నిద్రపోయిందో. ఆ తల మీద చేయి వేసి లేపి, నేనూ ఇంత పొద్దున్నే పనికి వెళ్తున్నానుగా, కలిసి వెళ్తాం అని మురిసిపోయింది తను. ఆ పిల్ల తన కోసమే వస్తోందనుకుంది. వస్తోంది నిజమే. తన కోసమే, తను బాధపడుతుందని వస్తోంది. బార్బ్రో చెప్పిన రోజు రాకుండా ఆపడానికి పదిహేనేళ్ల పిల్ల ఎక్కువ ధర పెట్టి చిన్న బోర్డు వెతికింది. తల్లికి కూతురు కాపలా కాసినట్టు.

ఆ పిల్లకి జవాబు తెలుసు. మారిట్‌కీ తెలుసు. చెప్పాల్సింది పిల్ల కాదు.

"హోకన్," అంది. "మీ ఇంట్లో ఆ బల్ల కింద చోటు ఎంత వెడల్పు?"

ఆయన తలెత్తాడు. "అరవై సెంటీమీటర్లు ఉంటుంది," అన్నాడు మెల్లగా. "మారిట్, నేను దాని కోసం..."

"నాకు తెలుసు. చాల్లే." ఆమె తిల్డా వైపు తిరిగింది. "పెద్ద డబ్బా కొనుక్కో. నాన్నింట్లో పెట్టుకో. వచ్చే ఏడాది ఇంకా పెద్ద చదువులు, ఇంకా పెద్ద పుస్తకాలు. బడి పక్కనే ఉండగా రెండు బస్సులు మారడమేంటి? నేను ఎప్పుడో చెప్పాల్సింది. చెప్పలేకపోయా."

"అమ్మా, మరి నువ్వో?"

"నేనేంటి? ఇక్కడే ఉంటా."

"ఒక్కదానివే."

"ఒక్కదాన్నే." అబద్ధం చెప్పబుద్ధి కాలేదు ఆమెకి. "బాధగానే ఉంటుంది తిల్డా. ఉండదని చెప్పను. కానీ దాన్ని చూసుకోవాల్సింది నేను. అది నా పని, నీ పని కాదు. నాలుగేళ్లు నీ చేత చేయించా, తప్పయింది."

తిల్డా ఏడుపు మొదలైంది. పెద్ద పిల్లల్లా ముఖం దాచుకుని కాదు. అయిదేళ్ల పిల్లలా, నోరు తెరిచి, ముక్కు కారుతూ. మారిట్ దగ్గరికి లాక్కుంది. నొప్పి పుట్టే భుజం మీదే ఆ తల ఆనించుకుంది. తనూ ఏడ్చింది. హోకన్ లేచి వచ్చి ఎక్కడ నిలబడాలో తెలియక కుర్చీ వెనక నిలబడ్డాడు. చివరికి కూతురి వీపు మీద అరచేయి ఆనించి, ఊరికే ఉంచాడు.

"నాది కూడా తప్పే," అన్నాడు కాసేపయ్యాక. "దాన్ని అడక్కుండా నేనే చోటు నిర్ణయించేశా. గోడకి కన్నం కూడా పెట్టా."

"కన్నాలు పెట్టడం ఒక్కటేగా నీకొచ్చిన పని," అంది మారిట్ కళ్లు తుడుచుకుంటూ. తిల్డా ఏడుపు మధ్యలోనే ముక్కుతో నవ్వింది.

తర్వాత ముగ్గురూ ఒకే ఫోన్ మీదికి వంగి కూర్చున్నారు. ఇప్పుడు పెద్ద సైజు పనికొస్తుంది కనుక హోకన్ బోర్డు ఉంచేసి, మారిట్ ప్రాసెసర్ వాపసు ఇస్తే సరిపోతుంది. ఆ మాట మారిట్టే అంది. అది అన్న తర్వాత రిబ్బను చుట్టబెట్టసాగింది.

"వద్దు," అన్నాడు హోకన్. "నీది ఉండనీ. నా బోర్డు ఇచ్చేసి దీనికి సరిపడేది నేను తెస్తా. కార్డు లేకపోయినా నడిచే రకమేగా ఇది. వేసవి దాకా పిల్ల ఎందుకు ఆగాలి?"

"పరుపంత బంగారాన్ని ఇచ్చేస్తావా?"

"ఇచ్చేస్తా. ఏది సరిపోతుందో మాత్రం తిల్డా చెప్పాలి. మనిద్దరి మీద నాకు నమ్మకం పోయింది."

తిల్డా కళ్లు తుడుచుకుని వెతికింది. సూదులకి కన్నాలున్న బోర్డు, మధ్య రకం సైజు, చవకలో గట్టిది. ఇద్దరికీ చూపించింది. "ఇది." మారిట్ పెద్దగా అర్థం కాకపోయినా ప్రతి అక్షరం చదివింది. హోకన్ ఈసారి ఏమీ మార్చకుండా ఆ పేరు ఉన్నదున్నట్టు రాసుకున్నాడు.

ఆయన బూట్లు వేసుకుంటుంటే తిల్డా గుమ్మం దాకా వెళ్లింది. వాళ్లేం మాట్లాడుకున్నారో మారిట్ వినలేదు. కప్పులు కడుగుతూ నిలబడింది. సాసేజ్ ముక్కలు, మాకరోనీ ఉన్నాయి, ఒక్కదానికే అయితే రెండు రోజులు వస్తాయి అని లెక్క వేసుకుంది. ఇవాళే అలవాటు చేసుకోవడం మొదలుపెడితే మంచిది కదా.

తలుపు మూసుకుంది. కానీ మెట్ల మీద దిగిన అడుగులు ఒక్క జతే. తిల్డా వంటగది గుమ్మంలో నిలబడి ఉంది.

"అమ్మా, ఇక్కడికి ఎప్పుడెప్పుడు రావాలి నేను?"

"రావాలి అని లేదు. నీకు అనిపించినప్పుడు రా."

తిల్డా అటువంటి రోజులు క్యాలెండర్‌లో ఎలా రాస్తారో తెలియనట్టు ముఖం పెట్టింది.

"అయితే ఇవాళ ఇక్కడే పడుకుంటా. పడుకోనా?"

నాలుగేళ్లలో ఆ పిల్ల ఆ మాట అడగాల్సిన అవసరం ఎప్పుడూ రాలేదు. వారం నిర్ణయించేది, ఆదివారం నిర్ణయించేది. మారిట్ తలూపి, పొయ్యి మీద నీళ్ల గిన్నె పెట్టి, మాకరోనీ ఇద్దరికీ సరిపడా పోసింది.